విడాకులకు ఒప్పుకోని షిఫ్టు

విడాకులు తీసుకున్న నెల నుంచి ఒకావిడ సూర్యుణ్ణి వారానికొకసారి ఎనిమిది గంటలు పక్కకు జరిపేది.

సూర్యుణ్ణంటే మరీ ఆకాశంలో సూర్యుణ్ణి కాదనుకోండి, ఆ వీధి సూర్యుణ్ణి. వీధి అంటే వీధి మొత్తమూ కాదు. ఎదురుగా ఉన్న రొట్టెల దుకాణం వాడు మొండివాడు, ససేమిరా జరగనన్నాడు. కానీ ఆవిడ ఉండే ఇంటికి, ఆ ఇంటి మేడ మీద అద్దెకున్న రిటైర్డు హెడ్మాస్టరు గారికి, ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిపోయే వాళ్ళకి తెల్లవారడం అన్నది ఆవిడ చేతుల్లోనే ఉండేది. ఇందులో కనీసం సగం బైబిలు మీద చెయ్యి వేసి చెప్పొచ్చు. ఏ సగమో అడక్కూడదు.

ఆవిణ్ణి అందరూ అరంగుళమక్క అనేవారు. వదులైన కోటు తెచ్చినా, బిగుసుకుపోయిన గౌను తెచ్చినా, నోట్లో గుండుసూదులు పెట్టుకుని మనిషి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "అరంగుళం, అంతే" అనేది. మూడంగుళాలు వదలాల్సిన పొట్టకి కూడా అరంగుళమే అని చెప్పి మనిషి పరువు నిలబెట్టి, తర్వాత గుట్టుగా ఆ మూడూ వదిలేది. అందుకే ఒళ్ళు చేసినవాళ్ళందరూ దగ్గరున్న దర్జీలను దాటుకుని ఆవిడ దగ్గరికే వచ్చేవారు. కొత్త బట్ట కత్తిరించడం మాత్రం ఆవిడ పని కాదు. ఎవరో కత్తిరించి పాడుచేసింది విప్పి, సర్ది, మళ్ళీ కుట్టడం ఆవిడ పని. ఒకరి తప్పు దిద్దడానికే పుట్టామా అని అప్పుడప్పుడు అనుకునేది గానీ, పైకి అనేది కాదు.

ఆవిడ కట్టుకున్నది సీసాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసే మనిషిని. గాజు కరిగించే కొలిమిని ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆర్పరు. దానికి నిద్ర లేదు కాబట్టి దాని ముందు మనుషులు వంతులేసుకుని మేలుకోవాలి. ఒక వారం పొద్దుటి షిఫ్టు, మరో వారం మధ్యాహ్నం షిఫ్టు, ఇంకో వారం రాత్రి షిఫ్టు, మళ్ళీ మొదటికి. సోమవారం వచ్చిందంటే షిఫ్టు మారిందే.

పేరుకి ఆ షిఫ్టు ఆయనది. మోసింది ఈవిడ. ఎందుకంటే ఆయన నిద్ర మామూలు నిద్ర కాదు. ఒకసారి పక్కింటి గోడ కూలి మంచం మీద పడితే, ఇటుకలు దులుపుకుని అటు తిరిగి పడుకున్నాడని చెబుతారు. ఇటుకలు రెండే పడ్డాయని ఆయన అక్కగారి వాదన. పొద్దుటి షిఫ్టయితే ఆయన్ని లేపి, నిలబెట్టి, చొక్కా తొడిగి, క్యారేజీ చేతికిచ్చి గుమ్మం దాటించాలి. మధ్యాహ్నం షిఫ్టయితే ఇంటికి తిరిగొచ్చే బస్సులో నిద్రపోయి డిపోకి చేరుకునేవాడు కాబట్టి, వేళకి స్టాపు దగ్గర నిలబడి దింపుకోవాలి. రాత్రి షిఫ్టయితే టీ విరామంలో కూర్చున్నచోటే ఒరిగిపోయేవాడు కాబట్టి, ఫ్యాక్టరీ గేటుకి ఫోను చేసి లేపించాలి. ఇరవై ఏళ్ళ పైన ఇదే వరస. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఈ లెక్కన ఆవిడ సగం కొలిమి అయిపోయింది.

వాళ్ళు విడిపోవడానికి తాగుడు లేదు, కొట్లాట లేదు, మధ్యలో మూడో మనిషీ లేదు. పిల్లలు లేరు గనక వాళ్ళ పంచాయితీ కూడా లేదు. ఒక సెలవు రోజు ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని, మీతో మాట్లాడాలి అంది. చెప్పు, అన్నాడాయన. ఆ రెండక్షరాలూ పూర్తయ్యేలోపే గురక మొదలైంది. ఆవిడ అయినా చెప్పింది. మనసులో ఉన్నదంతా చెప్పింది. చెప్పడం అయ్యేసరికి ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదని తెలిసింది. కోర్టులో జడ్జి గారు కారణమేమిటని అడిగితే మాట్లాడకుండా బెంచీ వైపు వేలు చూపించింది. బెంచీ మీద ఆయన గడ్డం గుండెకి ఆనించి హాయిగా నిద్రపోతున్నాడు. జడ్జి గారు గొంతు తగ్గించి మరీ తీర్పు చెప్పారట.

ఫ్యాక్టరీ సైరను వినపడనంత దూరంలో ఇల్లు వెతుక్కుంది ఆవిడ. ముందు గది షాపు. కిటికీ కింద కుట్టుమిషను, పక్కన ఇస్త్రీ బల్ల, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ. వెనక గదిలో ఇనప మంచం, స్టవ్వు, రేడియో. గుమ్మం పక్కన బోర్డు మీద ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు అని రాయించింది. పొద్దున్నే లేవాలి, కాస్త నడిచి రావాలి, టీ తాగుతూ పేపరు చదవాలి, వేళకి షాపు తెరవాలి, వేళకి మూయాలి, రేడియో వింటూ పడుకోవాలి. జీవితంలో మొదటిసారి తన రోజుని తానే కొలిచి గుర్తులు పెట్టుకుంది.

మొదటి వారం పెళ్లికూతురిలా గడిచింది. పేపరుకి లోపలి పేజీలు కూడా ఉంటాయని ఆ వారమే తెలిసింది. అన్నాళ్ళూ ఆవిడ దాన్ని కాగితపు నమూనాలు కత్తిరించడానికే వాడింది.

తర్వాత సోమవారం పొద్దున ఎండ మొహం మీద పడినా మెలకువ రాలేదు. లేచేసరికి వీధిలో బడిపిల్లలు కూడా వెళ్ళిపోయారు. రాత్రి మాత్రం కళ్ళు చింతనిప్పుల్లా తెరుచుకుని కూర్చున్నాయి. ఆ పై సోమవారం మరీ అన్యాయం: పగలంతా తూగి, అందరూ దుప్పట్లు కప్పుకునే వేళకి మిషను ముందు కూర్చుంది. నాలుగో సోమవారం చక్కగా మళ్ళీ పొద్దున్నే లేచింది. అప్పుడు తెలిసింది ఆవిడకి. మొదటి వారం ఆవిడ గెలవలేదు. అది పొద్దుటి షిఫ్టు వారం, అంతే. విడాకుల కాగితం మీద మొగుడు సంతకం పెట్టాడు గానీ షిఫ్టు పెట్టలేదు.

నాకు నచ్చినప్పుడు తెరుస్తాను అనుకుని ఊరుకోవచ్చు. వీధి కూడా సర్దుకుపోయింది. ఎవరో పోకిరీ బోర్డు కింద సుద్దముక్కతో "ఈ వారం రాత్రి డ్యూటీ" అని రాసి పెట్టేవాడు, జనం అది చూసుకుని వచ్చేవారు. మేడ మీది హెడ్మాస్టరు గారైతే సంతోషించారు కూడా. రిటైరైనప్పటి నుంచి ఆయనకి నిద్ర కరువు. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని అదిలించిన గొంతు ఆయనది. ఆ గొంతు ఉండగా బడికి గంట దండగని గంట కొట్టే మనిషిని తోటపనికి మార్చారని చెప్పుకుంటారు. అలాంటి గొంతుకి ఇప్పుడు అదిలించడానికి ఒక పిల్లి కూడా లేదు. కింద మిషను చప్పుడు వినిపిస్తే, పోనీలే నాతోపాటు ఇంకొకరు మేలుకుని ఉన్నారని ధైర్యంగా ఉంటుందనేవారు.

ఇలా ఉండగా ఒకనాడు ఆడపడుచు వచ్చింది. ఆయనకి అక్క గనక ఈవిడ వదినా అని పిలిచేది, విడాకుల తర్వాత ఏమని పిలవాలో తెలియక అదే కొనసాగించింది. వదిన గారు బెంచీ మీద కూర్చుని, చేతిరుమాలు తీసి, కన్నీళ్ళు రాకముందే తుడుచుకుంది. తమ్ముడికి ఫ్యాక్టరీలో మెమోలు ఇస్తున్నారట. ఇంకొకటి ఇస్తే ఇంటికి పంపేస్తారట. ఇప్పుడు తన ఇంట్లోనే ఉంటున్నాడట గానీ, తను కుదిపితే లేవడట, గడియారం పెడితే దాన్ని కూడా జోకొట్టి పడుకోబెడుతున్నాడట.

"ఒక్క ఫోనే కదా అమ్మాయ్. నువ్వెలాగూ ఆ వేళకి మెలకువగానే ఉంటావటగా?" అంది.

"ఎవరు చెప్పారు వదినా?"

"ఎదురింటి రొట్టెలాయన."

అరంగుళమక్క కిటికీలోంచి రొట్టెల దుకాణం వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అక్కడ రొట్టెలు మాడలేదంటే అది ఆయన అదృష్టం. కానీ మనిషి ఉద్యోగం పోతుందంటే ఎలా కాదంటుంది? సరేనంది.

ఫోను చేసి ఏమని పిలవాలన్నది మొదటి చిక్కు. ఏవండీ అనడానికి కోర్టు ఒప్పుకోదు. పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. చివరికి ఫోనెత్తగానే "షిఫ్టు" అని పెట్టేసేది. అవతల నుంచి "ఊఁ" అని వచ్చేది. ఒక్క ఫోనన్నది వేలు పెట్టడమే. తర్వాత చెయ్యి పట్టుకున్నారు. బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోకుండా ఇంకో ఫోను, టీ విరామంలో లేపడానికి మరో ఫోను. కాపురంలో చేసిన చాకిరీ అంతా ఫోను తీగ మీద తిరిగొచ్చింది. మెలకువగా ఉంది గనక ఫోను చేసేది. ఫోను చేయాలి గనక మెలకువగా ఉండేది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, ఆవిడ కాలు కడుక్కుని మరీ వెళ్ళి తొక్కింది.

అప్పుడే కోట్లాయన గుమ్మం మీద కాగితం చూసింది. కోట్లాయనంటే రెండు వీధుల అవతల కోట్లు మాత్రమే కత్తిరించే పెద్దాయన. చెయ్యి వణక్కముందే కత్తెర దించాలని నిర్ణయించుకుని, చివరిసారిగా కొద్దిమందికి కటింగ్ నేర్పుతానని రాసి అంటించాడు. ఆ తర్వాత షాపు మూసి తమ్ముడి ఊరికి వెళ్ళిపోతాడు. అరంగుళమక్క ఆ కాగితం ముందు నిలబడి, చదివి, ముందుకి నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి చదివింది. ఆయన చేతి కోట్లు ఆవిడ ఎన్ని విప్పిందో. లోపల గుడ్డ పొరలు ఎలా పేర్చాడో చూసి, ఎవరూ లేనప్పుడు వేలితో నిమిరేది.

లోపలికి వెళ్ళి, నేర్చుకుంటానంది. ఇన్నాళ్ళూ ఏం చేశారని ఆయన అడిగాడు. ఇతరులు కోసినవి సరిచేశానంది.

"అయితే నా మీద కూడా కోపం ఉండాలే," అన్నాడు కోట్లాయన.

"మీ మీద లేదండీ. కొన్ని కోట్ల మీద ఉంది."

పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఆవిణ్ణి చూశాడు. చేర్చుకుంటానన్నాడు. అయితే పొద్దున ఎనిమిదింటికి తలుపు వేస్తానన్నాడు, వానొచ్చినా వరదొచ్చినా. "ఒకసారి ఆలస్యమైతే, మనిషన్నాక అనుకుంటాను. రెండోసారి అయితే అలవాటు అనుకుంటాను. అలవాట్లకి నేను కటింగ్ నేర్పను," అన్నాడు.

పొద్దుటి షిఫ్టు వారం ఆవిడ అందరికంటే ముందు వెళ్ళింది. సుద్దగీత ఎలా గీయాలో, బట్ట నేత ఎటు వాలిందో అరచేత్తో ఎలా పట్టుకోవాలో నేర్చుకుంది. మర్నాడు కోయబోయే చంక వంపు తలుచుకుంటూ గాలిలోనే కత్తెర ఆడించేది. తర్వాత మధ్యాహ్నం షిఫ్టు వారం వచ్చింది. రాత్రి బస్సు ఫోను చేసి, ఆయన దిగాడని రూఢి చేసుకుని, పడుకుని, లేచి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి తలుపు వేసి ఉంది. కిటికీ అద్దంలోంచి కోట్లాయన తలెత్తి చూసి, మనిషన్నాక అన్నట్టు చెయ్యి ఊపి, మళ్ళీ బట్ట మీదికి వంగాడు. తలుపు తీయలేదు. ఇక మిగిలింది రెండోసారే. వచ్చే సోమవారం నుంచి రాత్రి షిఫ్టు.

ఆవిడ వదినకి ఫోను చేసి ఇక తన వల్ల కాదంది. వదిన గారు ఏడ్చింది, ఉద్యోగం పోతే వాడి గతేమిటంది, నీ మనసు రాయనుకోలేదంది. మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చివరికి ఆవిడ ఆయన్నే షాపుకి రమ్మంది. మాట ఎదురుగానే చెప్పాలనుకుంది.

ఆయన సెలవు రోజు మధ్యాహ్నం వచ్చాడు, జేబు చిరిగిన చొక్కా ఒకటి సాకుగా చేతిలో పట్టుకుని. బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిడ చొక్కా అందుకుని, సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పింది.

"రేపటి నుంచి నేను ఫోను చేయను."

"ఎందుకు?"

"పొద్దున్నే లేవాలి."

"ఎవరి కోసం?"

ఆవిడ దారం ముడి వేసి ఆలోచించింది. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు ఇంతవరకు. "నా కోసమే," అంది.

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. అందులో వెటకారం లేదు. "మరి నిన్నెవరు లేపుతారు?" అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. నవ్వినప్పుడు ఆ కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. ఆ కళ్ళ రంగు కూడా మరిచిపోయింది ఆవిడ. ఏం నేర్చుకుంటున్నావని అడిగాడు. చెప్పింది. కోటు లోపల ఎన్ని పొరలుంటాయో చెబితే, కొలిమిలో గాజు కూడా పొరలు పొరలుగా కదులుతుందని, బాగా కాగినప్పుడు తేనెలా తిరుగుతుందని, ఆ వెలుగు చూస్తూ ఉంటే మనసు నిమ్మళంగా ఉంటుందని ఆయన చెప్పాడు. ఇరవై ఏళ్ళలో ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ సూది ఆగిపోయింది. ఈ మనిషి మెలకువగా ఉంటే ఎంత బాగుంటాడో అనిపించింది. పోనీ ఫోనే కదా, ఈ పిచ్చి కోట్లు నాకెందుకు అని కూడా అనిపించింది. అది అబద్ధం కాదు.

"మనం అప్పుడే ఇలా మాట్లాడుకుని ఉంటే," అన్నాడాయన మెల్లగా.

ఆవిడ సూది పక్కన పెట్టింది. తర్వాత మాట కోసం ఎదురుచూసింది. తర్వాత వచ్చింది గురక.

కుట్టడానికి వేలాడదీసిన కోట్ల మీద ఒరిగి, ఎవరి చేతినో తల కింద పెట్టుకున్నట్టు ఒక కోటు చెయ్యి పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రపోయాడు. అరంగుళమక్క చాలాసేపు చూసింది. ఈసారి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. మనసులో కాస్త వదులుగా ఉన్న కుట్టేదో ఆఖరికి తెగి ఊడివచ్చినట్టయింది. జేబు మిగతా సగం కుట్టేసింది.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు గారు గుండీ ఊడిన చొక్కా పట్టుకుని మేడ దిగారు. గుమ్మంలోకి రాగానే బెంచీ మీద పట్టపగలు నిద్రపోతున్న మనిషి కనిపించాడు. ఆయనకి తాను రిటైరైన సంగతి క్షణం పాటు గుర్తులేదు. ముప్ఫై ఏళ్ళ ఊపిరి ఒక్కసారి ఛాతీలోకి పీల్చి, "నిలబడు!" అన్నారు.

ఆ ఒక్క మాటకి గుండుసూదుల డబ్బా కింద పడింది. ఎదురుగా రొట్టెల కోసం తోసుకుంటున్న జనం నోరు మూసుకుని వరుసలో నిలబడ్డారు. ఆ వీధిలో పుట్టబోయే పిల్లలు కూడా సర్దుకుని కూర్చున్నారని అంటారు, అది కొంచెం ఎక్కువే. కానీ బెంచీ మీది మనిషి రెండు చేతులూ ఒంటికి ఆనించి నిటారుగా నిలబడి "ప్రెజెంట్ సార్" అన్నది మాత్రం అందరూ విన్నారు. ఆయన కళ్ళు సీసాల్లా మెరుస్తున్నాయి. గోడ కూలినా లేవని మనిషి.

హెడ్మాస్టరు గారు నాలుక కరుచుకుని క్షమాపణ చెప్పబోయారు. అరంగుళమక్క చెప్పనివ్వలేదు. ఆవిడ ఈయన్ని చూసింది, ఆయన్ని చూసింది. ఒకరికి నిద్ర ఎక్కువ, ఒకరికి తక్కువ. ఒకచోట మిగిలిన గుడ్డ ఇంకోచోట చాలనిదానికి అతకడం ఆవిడకి కొత్త పనేమీ కాదు.

"మాస్టారూ, మీకొక విద్యార్థి కావాలా?" అని అడిగింది.

ఆయన మొహం వెలిగిన తీరుకి రెండు మేడలకి సరిపడా కరెంటు ఆదా అయ్యేది. విద్యార్థి మటుకు బిక్కచూపులు చూశాడు గానీ, సీసాల కొలిమి ముందు నిలబడిన వాడికి ఇంకో నిప్పు ఏపాటి. ఆ సాయంత్రమే ఫోను నంబరు చేతులు మారింది. లేపే ఫోను, బస్సు ఫోను, టీ విరామం ఫోను, మూడూ హెడ్మాస్టరు గారివే. ఆయన ఉత్తినే లేపి వదలరు, ఎక్కం అప్పజెప్పించుకుంటారు. తప్పు చెబితే మళ్ళీ మొదటి నుంచి. ఎక్కం మధ్యలో నిద్రపోవడం ఎవరి తరమూ కాదు.

అంతా బాగానే ఉంది గానీ రాత్రి షిఫ్టు సోమవారం ఇంకా రానే ఉంది. ఫోను బరువు దిగింది, ఒళ్ళు మాత్రం పాత పాట మరిచిపోలేదు. ఆదివారం సాయంత్రం హెడ్మాస్టరు గారు మెట్ల మీద నిలబడి, పొద్దున్న నిన్ను కూడా ఒక కేక వేసి లేపనా అమ్మాయ్ అని అడిగారు. సరేనండీ అన్న మాట ఆవిడ పెదవుల దాకా వచ్చింది. ఆ ఒక్కరోజు తప్పితే మళ్ళీ కోట్లాయన గడప ఎక్కలేదు, ఇంకెవరూ నేర్పేవాళ్ళూ లేరు. అయినా వద్దంది. ఒకరిని లేపడానికి బతికింది ఇన్నాళ్ళూ, ఇప్పుడు ఒకరు లేపితే బతకడం మొదలుపెడితే కథ మళ్ళీ మొదటికే వస్తుందని చెప్పింది. హెడ్మాస్టరు గారికి ఇది పూర్తిగా అర్థం కాలేదు గానీ, వ్యాకరణం బాగుందని మెచ్చుకున్నారు.

ఆ రాత్రి ఆవిడ పడుకోవడం, లేవడం, గడియారం చూడడం, మళ్ళీ పడుకోవడం. కళ్ళు మూస్తే ఎక్కడ మధ్యాహ్నం దాకా మూసుకుపోతాయోనని భయం. చివరికి వీధి దీపాలు ఆరకముందే లేచి, బట్టలు మార్చుకుని, మెడలో టేపు వేసుకుని కోట్లాయన షాపుకి నడిచింది. మెట్ల మీద కూర్చుని, తలుపుకి వీపు ఆనించి, ఇక ఇక్కడి నుంచి నన్నెవరు కదుపుతారో చూస్తాననుకుంది. అలా అనుకుంటూనే నిద్రపోయింది.

రొట్టెల బండి వెళ్ళింది, పాల బండి వెళ్ళింది, నేర్చుకునే మిగతావాళ్ళు పక్క తలుపులోంచి లోపలికి పోయారు. ఆవిడ లేవలేదు. లేపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదని కొందరంటారు, మనసు రాలేదని కొందరంటారు. ఎనిమిది కొడుతూ ఉండగా, గడియ పెట్టే ముందు బయట ఇంకెవరైనా ఉన్నారేమో చూద్దామని కోట్లాయన ఆ తలుపు లోపలికి లాగాడు. లాగేసరికి, చుట్ట చుట్టిన బట్ట తాను దొర్లినట్టు అరంగుళమక్క వెల్లకిలా గదిలోకి వచ్చిపడింది. కాళ్ళు మెట్ల మీద, తల కటింగ్ బల్ల కింద.

గదిలో కత్తెరలు ఆగిపోయాయి. పెద్దాయన గడియారం చూశాడు, ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ గడియారం చూశాడు.

"వేళకే వచ్చారు," అన్నాడు. "ఇంతవరకు అందరూ కాళ్ళతో వచ్చారు. తలతో వచ్చింది మీరొక్కరే. లేవండి, ఈరోజు కాలరు."

మర్నాడు కూడా మెట్ల మీదే నిద్రపోయింది, కానీ తలుపు తీసే లోపే లేచి కూర్చుంది. ఆ మర్నాడు ఇంట్లో పడుకుని రొట్టెల దుకాణం షట్టరు చప్పుడుకి లేచింది. వారం తిరిగేసరికి షట్టరు కంటే ముందే లేచి, ఆలస్యమేమిటని ఆ రొట్టెలాయన్ని దెప్పిపొడిచింది. పాత బాకీ తీర్చుకుంది, అంతే. మూడు వారాల చక్రం ఒకటి పూర్తిగా తిరిగి మళ్ళీ సోమవారం వస్తే, ఒళ్ళు ఒకసారి అటూ ఇటూ చూసి, సైరను ఎక్కడా వినపడక, పోనీలే అని ఊరుకుంది.

ఆఖరి పాఠంగా ఎవరి కోటు వాళ్ళు కోసుకోవాలన్నాడు కోట్లాయన. అరంగుళమక్క ఊళ్ళో సగం మంది నడుము కొలతలు నిద్రలో చెప్పగలదు గానీ, తన కొలతలు తనకే తెలియవు. పక్కన నేర్చుకునే పిల్ల టేపు పట్టుకుని కొలిచింది. ఏళ్ళ తరబడి మిషను మీదికి వాలడం వల్ల ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. ఆవిడ ఆ సంగతి తెలుసుకుని, కోటుని దానికి తగ్గట్టే కోసింది. పెద్దాయన ఆ కోటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, లోపలా బయటా తిప్పి చూసి, దీన్ని సరిచేయడానికి ఎవరికీ పని ఉండదని మాత్రం అన్నాడు. ఆయన నోట్లోంచి అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

ఇప్పుడు షాపు బోర్డు మీద కోట్లు కూడా అని ఒక మాట చేరింది. తొమ్మిదింటికి తలుపు తీస్తుంది. దానికి ముందు నడక, టీ, పేపరు లోపలి పేజీలు, ఈమధ్య గళ్ళనుడికట్టు కూడా. ఫ్యాక్టరీ మనిషికి మెమోలు ఆగిపోయాయి. హెడ్మాస్టరు గారు ఆయన్ని ఎక్కాలు దాటించి భిన్నాల్లోకి తీసుకొచ్చారు. తమ్ముడు నిద్రలో లెక్కలు అప్పజెబుతున్నాడని, ఆ గోలకి తనకి నిద్ర పట్టడం లేదని వదిన గారు ఒకసారి షాపుకొచ్చి మొరపెట్టుకుంది. అరంగుళమక్క ఓదార్చి, ఆవిడ కోటు నడుము వదులు చేసి పంపింది. ఎంత వదిలిందని మాత్రం అడగొద్దు.

ఈ కథంతా రాసిన ఈ ముసలాడే ఆవిడకి షాపులోనే, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. ఆవిడ ముదురు నీలం బట్ట పరిచి, సుద్దగీత గీసుకుంటూ, మధ్యలో ఒక్కసారి కూడా తలెత్తకుండా విన్నది. చదవడం అయిపోయాక కత్తెర అందుకుంది.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు తాతగారూ. నేను ఎవరికీ ఫోను చేయలేదు, ఎవరి గుమ్మంలోనూ నిద్రపోలేదు, నాకు షిఫ్టు అంటే ఏమిటో కూడా తెలియదు. నేను పుట్టినప్పటి నుంచి తొమ్మిదింటికే షాపు తెరుస్తున్నాను. కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు."